జరీ తొడుగు

కంటికి కనబడనిదాన్ని చూసి భయపడాలా, దండం పెట్టాలా? ధనుంజయకు ఈ సందేహం ఏళ్ళ నాటిది. దేవుడి విషయంలో అతనికి చిక్కు లేదు; శనివారం ఆంజనేయస్వామి గుడికి పోకుండా ముద్ద ముట్టడు. చిక్కల్లా ఫోన్లతోనే. హిందూపురంలో ఒక కొట్టు తరఫున ఇళ్ళకు పోయి తీగలేని ఫోన్లు బిగించడం అతని పని. మాట బాగా వినబడుతుందా అని అందరూ అడుగుతారు. గాలిలో పోయే ఆ తరంగం తలకు మంచిదేనా అని ఎవరూ అడగరు.

అడిగింది ఒక్క ఇంట్లోనే. ధర్మవరంలో పట్టుచీరలు నేసే గంగాధరప్ప ఇల్లది. 2002 వానాకాలం.

ఆ రోజు ధనుంజయ రెండు ఆంటెన్నాలు తీసి ముందు పెట్టాడు. ఒకటి చేపముల్లులా ఉంది. రెండోది జానెడు పుల్ల.

"ముల్లయితే మిద్దె మీద పెట్టల్ల. సిగ్నల్ బాగా అందుతాది. పుల్లయితే కిటికీకి కట్టొచ్చు, కానీ అంతంత మాత్రమే."

"ఇంటి నెత్తిన ఇనుప ముల్లా? పిడుగును పేరు పెట్టి పిలిచినట్లుంటాది," అంది గంగాధరప్ప తల్లి కుళ్ళాయమ్మ. "పుల్లే కట్టు. తలకేం కాదు కదా నాయనా?"

ఏమీ కాదని చెప్పమని కొట్టు యజమాని నేర్పాడు. ఆ మాట చెప్పడానికి ధనుంజయకు మనసొప్పలేదు.

"కనుక్కొని చెప్తానవ్వా."

గంగాధరప్ప కూతురు ప్రమోద, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నదల్లా కిసుక్కున నవ్వింది. "అమ్మేటోనికే తెల్దంట అవ్వా! ఇంక మనకేం తెలుస్తాది?"

ధనుంజయ చెవులు ఎర్రబడ్డాయి. ఆ తడబాటులో సంచి వెతికితే పుల్లను బిగించే క్లాంపు కనబడలేదు.

"మరిచి వచ్చినావా?" ప్రమోద జడ కొసనున్న ఎర్ర రిబ్బను లాగి ఇచ్చింది. "దీంతో కట్టు. ఊరికే కాదప్పా, తిరిగియ్యల్ల."

"రేపే తెచ్చిస్తా."

ఆ రేపు రెండేళ్ళయినా రాలేదు. అతను రాకనా? ఎన్నిసార్లు వచ్చాడో! సిగ్నల్ పోయిందని కొట్టుకు కబురు రావడం, పది గంటల ప్యాసింజరెక్కి ధనుంజయ దిగడం, తీరా చూస్తే సిగ్నల్ నిండుగా ఉండడం. క్లాంపు ప్రతిసారీ సంచిలోనే ఉండేది. ప్రతిసారీ దాన్ని సంచిలోనే వెనక్కి తీసుకుపోయేవాడు. రిబ్బను ఇచ్చేస్తే మళ్ళీ ఏ ముఖం పెట్టుకుని ఆ గడప తొక్కాలి?

"ఏమబ్బా, సిగ్నల్ నీకేమైనా చుట్టమా?" అని ఒకసారి గంగాధరప్ప కసిరాడు. "నువ్వొస్తే వస్తాది, నువ్వు పోతే నీ యెంటే పోతాది!"

"ఎదురుపోయి పిల్చుకొస్తాడేమో నాయనా," అంది ప్రమోద, మగ్గం మీంచి తల ఎత్తకుండా. ఎత్తకపోయినా ఆమె బుగ్గ నవ్వుతున్న సంగతి ధనుంజయకు తెలిసిపోయింది.

చివరికి గంగాధరప్ప ఓపిక తెగింది. బెంగళూరు వ్యాపారితో చీరల బేరం మాట్లాడుతుంటే మధ్యలో మాట ఆగిపోయింది. "ఈ ఫోను పీకి ఎత్తుకుపొండి" అని కొట్టుకు కబురు పంపాడు.

ఫోను పోతే ఆ ఇంటి దోవ కూడా పోయినట్లే. ధనుంజయ ముందురోజే బయలుదేరి పెనుకొండలో దిగాడు. తనకు రేడియో పని నేర్పిన శామ్యూల్ సార్‌ను అడగవలసినవన్నీ అడిగాడు. పొద్దున్నే తొలి బస్సెక్కి, తుంపర వానలో తడుస్తూ, ఎప్పుడూ వచ్చే వేళకు మూడు గంటల ముందే గంగాధరప్ప ఇంట్లో అడుగుపెట్టాడు.

కిటికీకి కట్టిన పుల్ల తళతళలాడుతోంది. పట్టుచీర జరీ అంచు ముక్కతో కుట్టిన తొడుగు దానికి కొస నుంచి మొదలు దాకా తొడిగి ఉంది. పైన కుంకుమ బొట్టు కూడా ఉంది.

"అవ్వా! ఏంది ఇది?"

"పిల్ల ఆ కిందనే కూర్చోని నేస్తాది కదప్పా," అంది కుళ్ళాయమ్మ. "కిరణాలు దాని నెత్తిన పడకుండా కుట్టినా. ఉత్త గుడ్డ ఆపదని జరీది ఏసినా."

"నేనొచ్చినప్పుడు ఎప్పుడూ లేదే?"

"యాడుంటాది? నువ్వొచ్చేనాడే ఈ పిల్లకు అది మాసినట్లు కనపడతాది. ఉతుకుతానని తీసుకుంటాది."

అందరూ ప్రమోద వైపు తిరిగారు. మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"మాసిందే కదా అవ్వా," అంది ప్రమోద చిన్నగా.

"జరీని ఎవరైనా వారానికోసారి ఉతుకుతారా మే?" గంగాధరప్ప కూతురినీ ధనుంజయనూ మార్చి మార్చి చూశాడు. "ఓహో... సిగ్నల్ యాడికి పోతాండాదో ఇప్పుడు తెలిసింది."

ధనుంజయకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. ముందు అవ్వ దగ్గర కూర్చున్నాడు.

"అవ్వా, నువ్వు అనుకున్నది నిజమే. జరీలో వెండి తీగ ఉంటాది కదా, అది తరంగాన్ని ఆపుతాది. కానీ మాట అందకపోతే ఈ ఫోను ఊరుకోదు. దూరాన ఉన్నోళ్ళను పిలిచేటప్పుడు మనం అరుస్తామే, అట్ల బలం పెంచుతాది. అదీ నీ మనవరాలి తలకాడే. ముల్లును మిద్దె మీద, మెట్ల మూలకు పెడితే మనుషులకు దూరంగా ఉంటాది. సిగ్నల్ బాగా అందుతాది కాబట్టి మెల్లగా మాట్లాడుకుంటాది. పిడుగు భయం లేకుండా భూమిలోకి తీగ కూడా ఏస్తా."

"అయితే తలకేం కాదు కదా?"

రెండేళ్ళ నాటి ప్రశ్న.

"కానేకాదని నేను చెప్పలేనవ్వా. దూరంగా ఉంటే తక్కువ. సిగ్నల్ బాగుంటే ఇంకా తక్కువ. సార్‌ను అడిగి తెలుసుకున్నది అంతే."

కుళ్ళాయమ్మ అతని ముఖంలోకి చూసి తల ఊపింది. "హారతి కళ్ళకద్దుకుంటాం, నెత్తిన పెట్టుకుంటామా? దూరంగానే పెట్టు నాయనా." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "అమ్ముకునేటోడై ఉండీ అబద్ధం చెప్పలేదు చూడు గంగాధరా. వీళ్ళ నాయన ఎవరో, యాడుంటాడో కనుక్కో."

"ఇంకేం కనుక్కునేది?" గంగాధరప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ముల్లు బిగించినాక నువ్వే నంబరు కొట్టియ్యబ్బా. మీ నాయనతో నేనే మాట్లాడతా. మధ్యలో తెగిందంటే మాత్రం నీ ఇష్టం!"

ముల్లు మిద్దెకెక్కింది. ధనుంజయ కిందికొచ్చి, కిటికీకి ఉన్న ముడి విప్పాడు. ఎండకూ వానకూ రిబ్బను ఎరుపంతా పోయి పాలిపోయింది.

"రేపిస్తానంటివి," అంది ప్రమోద.

"క్లాంపు దొరకలేదు."

"నీ సంచిలో గలగలమనేది ఏంది మరి? వచ్చిన ప్రతిసారీ ఇంటాండా."

అతను రిబ్బను ఆమె అరచేతిలో పెట్టాడు. ప్రమోద జడ ముందుకు వేసుకుని, ఉన్న కొత్త రిబ్బను విప్పేసి, ఆ వెలిసిపోయినదాన్నే ముడి వేసుకుంది.