ఎనిమిది గంటల తేడా

"ఈ క్యాలెండర్ వేసిన మహానుభావుడు ఎవరండీ?"

ప్రెస్సు తలుపులు తీసి పావుగంట కూడా కాలేదు. గుమ్మంలో ఒకమ్మాయి నిలబడి ఉంది. చేతిలో చుట్టచుట్టిన మా క్యాలెండర్. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది కోపమో, నిద్రలేమో నాకు తెలియలేదు. రెండూనట, తర్వాత చెప్పింది.

మిషను దగ్గరున్న బాబాయి క్షణం కూడా ఆలోచించకుండా నా వైపు వేలు చూపించాడు. ప్రెస్సులో అందరికీ ఆయన బాబాయే. తన మిషను తప్ప లోకంలో దేనికీ పూచీ పడడు. నన్ను మాత్రం అందరూ ప్రూఫు అంటారు. అచ్చులో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం.

"ఇవాళ తెల్లవారుజామున మూడింటికి సంపూర్ణ చంద్రగ్రహణం, ఇక్కడ కనిపిస్తుంది అని వేశారు. వేశారా లేదా?"

"వేశామండీ."

"నేనూ మా నాన్నా డాబా మీద కుర్చీలు వేసుకుని మరీ కూర్చున్నాం. చంద్రుడు ఎలా ఉన్నాడో తెలుసా? కడిగిన పళ్ళెంలా తళతళలాడిపోతున్నాడు. నాలుగైంది. ఐదైంది. ఒక్క మచ్చ పడితే ఒట్టు!"

బాబాయి కిసుక్కున నవ్వాడు. నేను నవ్వు ఆపుకున్నాను గానీ, నోరు మాత్రం ఆపుకోలేకపోయాను.

"ఒకసారి ఫోన్‌లో చూసుకోవాల్సిందండీ."

"ఎందుకు చూసుకోవాలి? మా నాన్న ముప్పై ఏళ్ళు బస్సు డ్రైవరు. ఏ రోజు ఏ డ్యూటీయో మీ క్యాలెండర్ మీదే రాసుకునేవాడు. ఇందులో అచ్చయిందంటే ఆయన దృష్టిలో అది జరిగి తీరాల్సిందే." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "పద్దెనిమిదేళ్ళ కింద నైట్ సర్వీసు తోలుతూ బస్సు అద్దంలోంచి గ్రహణం చూశాడు. వెనకాల జనమంతా నిద్రపోతున్నారు. టైముకి చేరాలని బండి ఆపలేదు. ఒక్కసారి తీరిగ్గా కూర్చుని చూడాలని అప్పట్నుంచీ అంటూనే ఉన్నాడు. ఇప్పుడాయన చూపు పోతోంది. ఏడాది తిరక్కుండా పూర్తిగా పోతుందన్నాడు డాక్టరు. మీరేం చేశారో అర్థమైందా?"

అర్థమైంది.

చేసిన నిర్వాకం ఏమిటో చెప్పుకోవాలి కదా, చెప్పాను. మా అటక మీద అరవై ఏళ్ళ క్యాలెండర్ల ఆఫీసు కాపీలున్నాయి. నాకు ముందు ఈ కుర్చీలో పనిచేసినాయన రిటైరయ్యే రోజున నాకో కిటుకు చెప్పాడు. గ్రహణాలు పద్దెనిమిదేళ్ళ పదకొండు రోజులకోసారి అదే వరసలో మళ్ళీ వస్తాయి, పాత కాపీ తీసి పదకొండు రోజులు కలిపి దింపెయ్యి అని. టైము మాత్రం విడిగా కనుక్కోవాలని చెప్పడం ఆయన మరిచిపోయాడో, వినడం నేను మరిచిపోయానో! ఇది నా మొదటి క్యాలెండర్. టైముతో సహా, 'ఇక్కడ కనిపిస్తుంది' అన్న ముక్కతో సహా దింపేశాను.

"అంటే కాపీ కొట్టారన్నమాట," అంది.

"అంతేనండీ."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటానని ఆమె అనుకోలేదు. తిట్టడానికి తెచ్చుకున్న మాటలు ఇంకా మిగిలిపోయినట్టున్నాయి, ఏం చేయాలో తోచక స్టూలు మీద కూర్చుంది. నేను అటకెక్కి పాత కాపీ దింపి, దుమ్ము దులిపి తెచ్చేసరికి ఆమె ఫోన్‌లోకి చూస్తూ నుదురు ముడిచింది.

"తేదీ కరెక్టే. గ్రహణం ఇవాళే. టైమే తప్పు. తెల్లవారుజామున మూడు కాదు, పగలు పదకొండు."

"పగలా? పగలు చంద్రుడెక్కడుంటాడు?" అని అడిగిందీ నేనే, జవాబు తట్టిందీ నాకే. పౌర్ణమి చంద్రుడు ఎప్పుడూ సూర్యుడికి ఎదురుగా ఉంటాడు. సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. నేను మెల్లిగా వేలు కిందికి చూపించాను.

గోడ గడియారంలో పదకొండుకి రెండు నిమిషాలు తక్కువ.

"ఇప్పుడా?" అంది ఆమె.

"ఇప్పుడే. మన కాళ్ళ కింద."

ఇద్దరం నేలకేసి చూశాం. సిరా మరకలు, కాగితం ముక్కలు, నా చెప్పులు, ఆమె చెప్పులు. ఆ గచ్చు కింద మట్టి, మట్టి కింద రాయి, ఆ రాయి కింద ఇంకా ఎంతో లోతు, అదంతా దాటాక మళ్ళీ ఒక ఆకాశం. ఆ ఆకాశంలో మేము పోగొట్టుకున్న చంద్రుడు సరిగ్గా ఈ నిమిషాన ఎర్రబడుతున్నాడు. మొహం తెలియని జనం ఎవరో తలలెత్తి చూస్తున్నారు. ఆమె పాదాలు కొంచెం పక్కకి జరుపుకుంది, తొక్కుతానేమో అన్నట్టు.

బాబాయి మిషను ఆపి వచ్చి తనూ నేల చూశాడు.

"ఏం పడిపోయిందమ్మా?"

"చంద్రుడు," అంది ఆమె.

నేను ప్రేమలో పడింది అప్పుడేనని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మాత్రం టీ తాగలేదు, అందుకే తల తిరుగుతోందనుకున్నాను.

తర్వాత గంటసేపు కట్టింగ్ టేబుల్ మీద పాత క్యాలెండర్లు పరిచాం. ఇవాళ్టి గ్రహణాన్ని పద్దెనిమిదేళ్ళకొకటి చొప్పున వెనక్కి వెతికాం. పద్దెనిమిదేళ్ళ కింద తెల్లవారుజామున మూడు. దానికి ముందుది, ముప్పై ఆరేళ్ళ కింద, సాయంత్రం ఏడు. యాభై నాలుగేళ్ళ కింద మళ్ళీ పగలు పదకొండు.

"ఎనిమిదేసి గంటలు జరుగుతోంది," అన్నాను. "పద్దెనిమిదేళ్ళ పదకొండు రోజుల మీద ఇంకో ఎనిమిది గంటలున్నాయి. ఆ ఎనిమిది గంటల్లో భూమి మూడో వంతు తిరిగిపోతుంది. అందుకే అదే గ్రహణం వేరే దేశాలవాళ్ళకి కనిపిస్తుంది. మూడుసార్లు వచ్చాక మళ్ళీ మన వంతు."

"షిఫ్టులు!" అంది ఆమె. "మా నాన్నకి ఇలాగే మారేవి. పొద్దుటి డ్యూటీ, సాయంత్రం డ్యూటీ, నైట్ డ్యూటీ."

ఆ మాట అంటుండగానే నా చూపు ఈ ఏటి క్యాలెండర్‌లో రెండో గ్రహణం మీద పడింది. ఆరు నెలల తర్వాతది. 'పగలు పదకొండు గంటలకు. ఇక్కడ కనిపించదు.' అదీ నేను దింపిందే. అంటే అదీ తప్పే! పదకొండుకి ఎనిమిది కలిపితే సాయంత్రం ఏడు. యాభై నాలుగేళ్ళ కిందటి కాపీ తిరగేశాను. మూడు పదకొండ్లు ముప్పై మూడు రోజులు కదా, ఒక నెల ముందు పేజీలో ఉంది. 'సాయంత్రం ఏడు గంటలకు. ఇక్కడ సంపూర్ణంగా కనిపిస్తుంది.'

"ఏవండీ, మీ నాన్నగారి గ్రహణం ఇంకా రాలేదండీ!" అని అరిచాను.

ఆమె ఫోన్‌లో చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత నా వంక చూసింది, ఆ చూపులో కోపం లేదు.

ఓనరు గారికి తప్పు నేనే చెప్పేశాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "నలభై వేల కాపీలు వేశాం. లేచి చూసింది ఇద్దరే. వాళ్ళకి నువ్వే చెప్పుకో, పో," అన్నాడు.

చెప్పుకోవడానికి ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దాయన వరండాలో కూర్చుని ఉన్నాడు, స్టీరింగు వదిలి నాలుగేళ్ళయినా వీపు ఇంకా నిటారే. అంతా విని వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు.

"అంటే చంద్రుడు కూడా డ్యూటీ చార్టు ప్రకారమే నడుస్తాడన్నమాట."

"అవును సార్. రాబోయేది యాభై నాలుగేళ్ళ కింద ఇదే ఊళ్ళో, ఇదే వేళకి వచ్చింది."

"నాకప్పుడు పదేళ్ళు."

"చూశారా సార్?"

"ఏమోనోయ్! గోళీలాడుకుంటున్నానేమో, ఎవడికి గుర్తు?" అని పకపకా నవ్వాడు. "ఈసారి వదలను. ఆరు నెలలు కళ్ళు నిలబడితే చాలు."

వెనకాల తలుపు దగ్గర నిలబడ్డ కూతురు లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగిస్తుందని ఆరోజే తెలిసింది. మర్నాడే నా కళ్ళకి ఏదో తేడా చేసినట్టనిపించింది. వెళ్ళాను. బోర్డు మీద అన్నిటికన్నా చిన్న వరస కూడా గడగడా చదివేశాను.

"మీ చూపు బ్రహ్మాండంగా ఉంది. ఎందుకొచ్చినట్టు?"

"ప్రూఫులో తప్పులు కనపడట్లేదండీ."

"అది కంటి జబ్బు కాదు," అంది తలెత్తకుండా. పెదవి చివర మాత్రం కదిలింది. ఆ కదలిక కోసం వారానికి రెండుసార్లు వెళ్ళాను. ఎవరిదో ఫ్రేము వదులైందని, ఇంకెవరిదో పెట్టె పోయిందని, చివరికి నాకు లేని కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ కావాలని. బాబాయి మాత్రం "మన ప్రూఫుకి దగ్గరి చూపు మందగించింది, దూరం బాగా కనపడుతోంది," అని ప్రెస్సంతా టాం టాం వేశాడు.

ఆ నెలల్లో గ్రహణాల గురించి దొరికిందల్లా చదివాను. చదివింది వరండాలో పెద్దాయనకి చెప్పేవాణ్ణి. ఒక్కో గ్రహణపు వరస పన్నెండు వందల ఏళ్ళకి పైనే సాగుతుందట. మొదట నీడ అంచుకి తగిలీ తగలకుండా వస్తుంది. వచ్చిన ప్రతిసారీ కొంచెం లోపలికి జరిగి, కొన్ని వందల ఏళ్ళు నిండుగా మునిగి, మళ్ళీ అవతలి అంచుకి జరిగి ఒకరోజు వెళ్ళిపోతుంది. రాజ్యాలు పోయాయి, భాషలు మారాయి, అది మాత్రం ఒక్క ట్రిప్పు ఎగ్గొట్టలేదు. ఆయన వింటూ, "ఎవరు వేశారోయ్ ఈ చార్టు!" అనేవాడు.

నాలుగో నెలకి ఆయన నన్ను గొంతుతో గుర్తుపట్టడం మొదలుపెట్టాడు. ఐదో నెలకి దీపం వెలుగుతోందో లేదో మాత్రం చెప్పగలిగేవాడు.

"ఊరందరికీ కళ్ళజోళ్ళు చేస్తాను," అంది ఆమె ఒకరోజు షాపు మూస్తూ. "మా నాన్నకి పనికొచ్చేది ఒక్కటి చేయలేను." నేను షట్టరు లాగడానికి సాయం పట్టాను. తాళం వేశాక ఆమె నా వైపు తిరిగింది. "మీరు జాలిపడి వస్తున్నారు. తప్పు చేశానన్న బాధతో వస్తున్నారు. వద్దు. గ్రహణం అయిపోతే తప్పు దిద్దుకున్నట్టే. ఆ తర్వాత ఇక రానక్కర్లేదు."

కాదు, అది కాదు అనాలి. రోజంతా ఇతరుల తప్పులు దిద్దేవాడికి ఆ ఒక్క వాక్యం నోటికి రాలేదు. సైకిలు తొక్కుకుంటూ ఇంటికెళ్ళి నన్ను నేనే తిట్టుకున్నాను. ఆయనకి గ్రహణం కనిపించకపోతే ఆమె మొహం ఎలా చూడను? కనిపిస్తే మాత్రం, ఇంకే వంకతో చూడను?

ఆ రోజు రానే వచ్చింది. మబ్బు తునక లేదు. సరైన టైముతో ఓనరు గారి చేత నేను వేయించి ఊళ్ళో పంచిన కరపత్రం పనిచేసింది, చుట్టుపక్కల డాబాలన్నీ జనం. పెద్దాయన్ని మధ్య కుర్చీలో కూర్చోబెట్టాం. ఆరు దాటాక ఇళ్ళ కప్పుల పైకి చంద్రుడు వచ్చాడు. కింది వైపు అప్పటికే ఎవరో కొరికినట్టుంది. ఆ నీడ నెమ్మదిగా పైకి పాకింది. సరిగ్గా ఏడింటికి చివరి వెలుగు గీత ఆరిపోయింది.

ఎర్రటి గుండ్రటి చంద్రుడు, పట్టుకుంటే చేతికి అందేలా, ఆకాశంలో వేలాడుతున్నాడు. చుట్టూ అంతవరకూ లేని చుక్కలు పొడుచుకొచ్చాయి. ఎవరూ పిలవలేదు, ఎవరూ గుర్తుచేయలేదు. యాభై నాలుగేళ్ళ తర్వాత, చెప్పిన వేళకి, ఆ గ్రహణం వచ్చి నిలబడింది.

"ఏదోయ్?" అన్నాడు పెద్దాయన. "వచ్చిందా? నాకంతా నల్లగా ఉంది."

ఆమె కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. మసక వెలుతురు ఆయనకి ఆనదని మా ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా ఆశపడ్డాం.

నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "ఉంది సార్. మీ ఎదురుగా, కొంచెం పైకి. రాత్రిపూట దుమ్ము రోడ్డు మీద ముందు లారీ వెనకదీపం ఉంటుంది చూడండి, ఆ ఎరుపు."

"లారీ ఎంత దూరంలో?"

"మీరు ఓవర్‌టేక్ చేయలేనంత దూరంలో."

ఆయన నవ్వాడు. "పక్కన?"

"పైన ఎరుపు కొంచెం ముదురు నాన్నా," అంది ఆమె. "కింద రాగి రంగు. చుట్టూ చుక్కలు. గుండ్రం నిజంగా గుండ్రంగా కనిపిస్తోంది, బంతిలాగ. ఇన్నాళ్ళూ బిళ్ళ అనుకున్నాను."

అలా ఒకరి తర్వాత ఒకరం చెబుతూనే ఉన్నాం. ఆయన మొహం పైకెత్తి వింటున్నాడు. మేమిద్దరం చంద్రుణ్ణి వదిలేసి ఆయన మొహమే చూస్తున్నాం. అందుకే మాకు తెలియలేదు.

"ఆగండి!" అన్నాడు హఠాత్తుగా, కుర్చీలోంచి సగం లేచి. "అదేమిటి? అక్కడ... కింది అంచున... సన్నగా..."

తిరిగి చూశాం. కింది అంచున వెంట్రుకంత వెలుగు. పక్క డాబాల మీద కేకలు ఆ తర్వాత మొదలయ్యాయి.

"వచ్చింది! అమ్మా, వచ్చింది! పెరుగుతోంది!" ఆయన చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. ఆమె తండ్రి భుజంలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడం దేనికి?

కాసేపటికి ఆయన అడిగాడు. "ఇది మళ్ళీ మన ఊరికి ఎప్పుడోయ్?"

"యాభై నాలుగేళ్ళకి సార్. ఇంచుమించు ఇదే వేళకి."

"సరే. అప్పుడు మీరిద్దరూ చూడండి. ఒకరికి ఆనకపోతే రెండోవాళ్ళు దగ్గర కూర్చుని చెప్పండి. చెబితే కనిపిస్తుంది. నాకు కనిపించింది."

ఆమె తలెత్తింది. నేనిక ఆగలేదు.

"నేను జాలితో రాలేదండీ. తప్పు దిద్దుకోవడానికి ఒక్కరోజు చాలు, ఆరు నెలలు అక్కర్లేదు. మీరంటే ప్రేమ. నేల చూసి చంద్రుడు అన్నారే, అప్పట్నుంచీ. రేపు కూడా వస్తాను. రావద్దంటే మానేస్తాను."

పెద్దాయన ఏమీ విననట్టు ఆకాశంలోకి చూస్తున్నాడు, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అప్పటికి నాకు ఎనభై ఏళ్ళు," అంది. "ఈ మెట్లు ఎక్కలేను. నువ్వే ఎక్కించాలి."