రాజోలు నెట్ సెంటర్లో చివరి క్యాబిన్

శారోన్, రాజ్ కుమార్ దంపతులది పాత సామాను వేట. అమలాపురంలో వాళ్ళ కొట్టు నిండా వాల్వు రేడియోలు, టేపు రికార్డర్లు, వెనకవైపు బుర్రలా పొడుచుకొచ్చిన పాత మానిటర్లు. ఎక్కడ మేడ పడగొడుతున్నారన్నా, ఎక్కడ ఆఫీసు ఎత్తేస్తున్నారన్నా వాళ్ళకి కబురొచ్చేది. తుప్పు గీకి, వైర్లు మార్చి, మళ్ళీ పలికేలా చేస్తే హైదరాబాదు నుంచి సినిమావాళ్ళూ, సరదాగా దాచుకునేవాళ్ళూ వచ్చి పట్టుకెళ్ళేవారు. మూగబోయిన రేడియో ఒకటి గరగరమని గొంతు సవరించుకుంటే శారోన్ మొహం వెలిగిపోయేది.

ఆగస్టులో ముసురు పట్టిన ఒక రోజు రాజోలు నుంచి ఫోనొచ్చింది. కాలువ గట్టు మీది పాత మేడ పడగొట్టేస్తున్నారట. పై అంతస్తులో ఎప్పుడో మూసేసిన నెట్ సెంటరు ఉందట. కంప్యూటర్లతో పాటు పెద్ద వాల్వు రేడియో కూడా ఉందట.

"నువ్వు రావద్దులే. నేను చూసుకొస్తాను," అన్నాడు రాజ్ కుమార్.

"వస్తానండి," అంది శారోన్. "ఎప్పటికైనా ఒకసారి ఆ మెట్లెక్కాలి కదా."

ఆ నెట్ సెంటరు సంగతి అతనికీ తెలుసు.

శారోన్ కి బ్లెస్సీ అని ఒక అక్క ఉండేది. పెళ్ళైన ఏడాదికే బ్లెస్సీ భర్త శ్యామ్ బాబు కువైట్ వెళ్ళాడు. ఇప్పట్లా అరచేతిలో మనుషులు కనపడే రోజులు కావవి. గల్ఫ్ లో శుక్రవారం సెలవు. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు తలంటుకుని, మంచి చీర కట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని పెద్దిరాజు గారి నెట్ సెంటర్ కి వచ్చేవారు. ప్లైవుడ్ తో అడ్డం కట్టిన క్యాబిన్లలో కూర్చుని, చెవులకి హెడ్ ఫోన్ తగిలించుకుని, తెర మీద మొగుడి మొహం చూస్తూ మాట్లాడుకునేవారు. బ్లెస్సీ ఎప్పుడూ చివరి క్యాబిన్లోనే. ఇంటికొచ్చి, "మాట్లాడేరమ్మా. బానే ఉన్నారు. కాస్త చిక్కేరు," అని చెప్పేది.

ఒక శుక్రవారం అలాగే వెళ్ళింది. తిరిగి రాలేదు.

"డబ్బులిచ్చి వెళ్ళిపోయిందండి, చీకటి పడకముందే," అన్నాడు పెద్దిరాజు పోలీసులతో. ఆ ఒక్క మాట చాలింది. మిగతాది ఊరు తనే అల్లేసుకుంది. ఎవడితోనో లేచిపోయిందన్నారు. అత్తింటివాళ్ళు పెళ్ళి ఫోటో చింపేశారు. చర్చిలో తల్లి ఎలీసమ్మ పక్కన చాప ఖాళీగా ఉండిపోయేది. ఏడాది తిరక్కుండా శ్యామ్ బాబు ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఎలీసమ్మ ఆ మాట మోస్తూ మోస్తూనే పోయింది. మంచంలో ఉన్న ఆఖరి రోజుల్లో కూడా పెద్దకూతురి పేరెత్తలేదు. నిజమేనని తల్లి నమ్మేసిందా? ఆ ప్రశ్న శారోన్ గొంతులో చేదుగా అలాగే ఉండిపోయింది.

వాళ్ళు వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. పెద్దిరాజు జుట్టంతా నెరిసిపోయింది. శారోన్ ని గుర్తుపట్టలేదు. తాళం తీసి షట్టర్ పైకి తోస్తూ, "టార్చి తీసుకోండి. కరెంటు తీయించేసి చాలా కాలమైంది. మీటరు కూడా పట్టుకుపోయేరు," అన్నాడు.

పైన ముక్కిపోయిన వాసన. ఎలుకల కంపు. తడిసిన ప్లైవుడ్ పొరలు పొరలుగా ఊడి వేలాడుతోంది. కిటికీలు లేవు. షట్టర్ దగ్గర వెలుతురు తప్ప లోపలంతా చీకటి. పైన రేకుల మీద వాన ఆగకుండా కొడుతోంది. రేడియో బరువుగా ఉంటే రాజ్ కుమార్, పెద్దిరాజు చెరోవైపూ పట్టుకుని మెట్లు దిగారు.

శారోన్ ఫోను టార్చి వేసుకుని ఒక్కో క్యాబినూ దాటింది. కీబోర్డుల మీద ఎలుక పెంటికలు. తెరల మీద వేలితో గీస్తే గీత పడేంత దుమ్ము.

చివరి క్యాబిన్ తలుపు తోసింది.

ఇక్కడ దుమ్ము లేదు.

మానిటర్ మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది... ఇప్పటిదాకా ఎవరో వాడి లేచినట్టు. కిందికి వంగి చూసింది. ప్లగ్గు నేల మీద పడి ఉంది. దాని పిన్నులు తుప్పుపట్టి విరిగిపోయాయి.

ఆమె నిటారుగా లేచేసరికి తెర వెలిగి ఉంది.

ఒక గది. రెండంతస్తుల ఇనుప మంచం, నీలం దుప్పటి, ముందు ఒక కుర్చీ. కుర్చీ ఖాళీ. శారోన్ కి ఆ గది తెలుసు. ఎప్పుడూ చూడలేదు గానీ తెలుసు. కువైట్ లో బావ గది గురించి, ఆ నీలం దుప్పటి గురించి అక్క ఎన్నిసార్లు చెప్పిందో.

బల్ల మీద హెడ్ ఫోన్ లోంచి సన్నగా ఏదో గొణుగుడు. చెయ్యి దానంతటదే వెళ్ళి తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏమండీ... వినపడుతుందా అండీ... ఇక్కడ అందరూ బాగున్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు తగ్గేయి. శారోన్ ఇంటర్ లో చేరింది..."

అక్క గొంతు. తొందరగా, మెల్లగా, పక్క క్యాబిన్లో వాళ్ళకి వినపడకుండా మాట్లాడే గొంతు.

"అక్కా," అంది శారోన్.

గొణుగుడు ఆగిపోయింది. ఊపిరి మాత్రం వినపడుతోంది.

"షట్టర్ వేసేసేరండి... పిలిచేను, ఎవరూ పలకలేదు... చీకటిగా ఉంది. మీ గది ఒక్కటే కనపడుతోంది..."

తెర మీద కుర్చీ కొంచెం కదిలింది. ఎవరూ లేరు. కానీ కుర్చీలో వేసిన దిండు... మెల్లగా... అణిగింది. మనిషి బరువుకి అణిగినట్టు. తర్వాత కుర్చీ ఇటు తిరిగింది.

"వచ్చేరా?" అంది అక్క గొంతు. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి అందులో. "రమ్మంటున్నారా? నన్నా?..."

"వద్దక్కా," అంది శారోన్.

"వస్తున్నానండి."

తెర ఆరిపోయింది.

వాన చప్పుడు మళ్ళీ వినపడేసరికి ఎంతసేపైందో ఆమెకి తెలియదు. వెనక ఎవరో నిలబడ్డారు. తిరిగి చూస్తే పెద్దిరాజు. క్యాబిన్ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"ఈ ఒక్కటీ వదిలేయండమ్మా," అన్నాడు. టార్చి వెలుగులో ఆమె మొహం కేసి కాసేపు చూశాడు. "నువ్వు... ఎలీసమ్మ గారి చిన్నమ్మాయివా?"

"ఆయ్," అంది శారోన్. "మా అక్క డబ్బులిచ్చి వెళ్ళిపోయిందన్నారు కదండీ మీరు."

పెద్దిరాజు అక్కడే గోడకి ఆనుకుని కిందకి జారి కూర్చున్నాడు.

"వెళ్ళలేదమ్మా. ఆ రోజు ఇంట్లో పనుండి తొందరగా కట్టేసేను. అందరూ వెళ్ళిపోయేరనుకున్నాను. చివరి క్యాబిన్ చూడలేదు. షట్టర్ దింపి, తాళం వేసి పోయేను. పొద్దున్నే వచ్చి తీస్తే ఇదిగో, ఈ కుర్చీ కింద చెప్పులున్నాయి. బల్ల మీద బ్యాగుంది. మనిషి లేదు. వేసిన తాళం వేసినట్టే ఉంది. ఇంకో దారి లేదు, నువ్వే చూస్తున్నావుగా."

"చెప్పులేం చేసేరు?"

"కాలవలో పడేసేను. బ్యాగు కూడా."

"మా అమ్మ పోయిందండి, మీ మాట మోసుకుంటూ."

"తెలుసమ్మా. సమాధి దగ్గరకి వచ్చేను. దూరంగా నిలబడ్డాను."

"అప్పుడైనా నోరు విప్పలేకపోయేరా?"

"ఏమని చెప్పను? తాళం వేసిన గదిలోంచి ఆడపిల్ల మాయమైందంటే నమ్ముతారా? నన్నే అనుమానిస్తారు. నాకూ పెళ్ళి కావలసిన ఆడపిల్లలున్నారు అప్పుడు." ఆయన మొహం తుడుచుకున్నాడు. "ఇంకోటి కూడా ఉంది. ఆ అమ్మాయి వచ్చిన శుక్రవారమల్లా అవతల కెమెరా తెరుచుకునేది. మనిషెవరూ ఉండేవాడు కాదు, ఖాళీ కుర్చీ. దానితోనే గంటసేపు మాట్లాడి వెళ్ళేది పాపం. తర్వాత కువైట్ నుంచి వచ్చిన మీ బావ గారు పోలీస్ స్టేషన్లో చెప్తుంటే విన్నాను. ఆ గది ఖాళీ చేసి ఆర్నెల్లైందట. అప్పట్నుంచీ ఒక్కసారి కూడా నెట్ లోకి రాలేదట."

"మరి కెమెరా తెరిచిందెవరు?"

పెద్దిరాజు లేచి, గోడ పట్టుకుంటూ, వానలోకి వెళ్ళిపోయాడు. ఆయన్ని ఆపాలని శారోన్ కి అనిపించలేదు. ఎవరికి పట్టించాలి? ఎవరి ముందు చెప్పించాలి? వినవలసిన మనిషి మట్టిలో ఉంది.

రాజ్ కుమార్ పైకొచ్చి భార్యని చూసి కంగారుపడ్డాడు. ఆమె తెగీ తెగని మాటల్లో జరిగింది చెప్పింది. అతను వాదించలేదు. "పద, పోదాం. ఇక్కడ ఏ సామానూ వద్దు మనకి," అన్నాడు.

"ఇదొక్కటీ," అంది శారోన్. హెడ్ ఫోన్ ఆమె చేతిలోనే ఉంది. "అక్క గొంతు ఇందులో ఉందండి. ఇక్కడ వదల్లేను."

రాజ్ కుమార్ కంప్యూటర్ వెనక నుంచి హెడ్ ఫోన్ వైరు పిన్ను తీయబోయాడు. అక్కడ పిన్ను లేదు. వైరు కంప్యూటర్ లోకి వెళ్ళనే లేదు. టార్చి వేసి దాని వెంటే వెతికాడు. అది బల్ల వెనక్కి దిగి, మూలగా పాకి, గోడ లోపలికి పోయింది. చుట్టూ చిన్న బీట కూడా లేదు. సిమెంటులోంచి మొలిచినట్టు ఉంది.

"ఈ గోడ అవతల ఏ గదుందండి?" అంది శారోన్ గుసగుసగా.

"గదేం లేదు. ఇందాక కింద నుంచి చూసేను. గోడ బోసిగా ఉంది. కింద కాలవ."

అతను వైరు చేతికి చుట్టుకుని మెల్లగా లాగాడు. జానెడు వచ్చింది. తడిగా ఉంది. ఇంకొంచెం లాగాడు. బిగుసుకుంది.

చెయ్యి వదులు చేశాడు.

వైరు నేల మీద నిశ్చలంగా పడి ఉంది. తర్వాత అవతల నుంచి ఎవరో... చాలా మెల్లగా... వచ్చిన జానెడూ వెనక్కి లాక్కున్నారు.