మూడు వందల అంకెల మారువేషం

ట్రామ్ స్టాపులో తూటా తగిలిన, రహస్య సమాచారం మోసే కొరియర్, కన్నుమూసే ముందు ఏజెంటు చొక్కా పట్టుకుని ఒకే ఒక్క మాట చెప్పాడు.

"మన నంబర్... ప్రైమ్ కాదు."

గూఢచారి డిపార్ట్‌మెంటంతా గుండుసూది అని పిలిచే ఆ ఏజెంటు పరుగున చీఫ్ గదికి వచ్చాడు. టైమ్ పదకొండూ ఇరవై.

"పన్నెండింటికి వెళ్లే లిస్టు ఆపండి సార్! మన నంబర్ ప్రైమ్ కాదట! లిస్టుకు వేసే కోడ్ తాళం మొత్తం ఆ మూడు వందల అంకెల నంబర్ మీదే ఉంది. ప్రైమ్ అయితే, అంటే ఒకటితో, తనతో తప్ప దేనితోనూ భాగం పోనిదైతే, ఎవడూ విప్పలేడు. రెండు సంఖ్యల లబ్ధమైతే, ఆ రెండూ తెలిసినవాడు హాయిగా చదివేస్తాడు."

"అది ప్రైమేనన్న సర్టిఫికెట్ మీద మూడు సంతకాలున్నాయయ్యా. మూడోది నీదే!" చీఫ్ కసిరాడు. "రుజువు పట్రా. అప్పుడు ఆపుతా."

గుండుసూదికి ఒళ్లు మండిపోయింది, ముఖ్యంగా తన మీద తనకే. మొదటివాడు రెండు అనే అంకెతో ఒక్క టెస్టు చేసి సంతకం పెడతాడు. రెండోవాడు ఆ సంతకం చూసి పెడతాడు. మూడోవాడు రెండు సంతకాలూ చూసి పెడతాడు. ఇక్కడ పని జరిగే తీరే అది. తనూ అలాగే పెట్టాడు. లిస్టులో ఉన్నవి శత్రుదేశంలో పనిచేస్తున్న పదకొండు మంది పేర్లు. అందులో ఒకటి సొంత చెల్లెలిది.

కంప్యూటర్ రూములో రెండుతో మళ్లీ పరీక్షించాడు. పాస్. మూడుతో పాస్. ఐదుతో పాస్. ఏడుతోనూ పాస్! విసుగెత్తి కీబోర్డు మీద ఒక్క గుద్దు గుద్దాడు.

ఏ టెస్టులోనైనా చివర మిగిలే శేషం ఒకటి. మరి దానికి ముందు మెట్టు, అంటే ఏ సంఖ్యను వర్గం చేస్తే ఆ ఒకటి వచ్చింది? నిజమైన ప్రైమ్‌తో భాగించేటప్పుడు, వర్గం చేస్తే శేషం ఒకటి వచ్చే సంఖ్యలు రెండే: ఒకటి, ఆ ప్రైమ్ కన్నా ఒకటి తక్కువది. మూడోది దొరికిందంటే నంబర్ దొంగది. పైగా దాన్ని ముక్కలు చేసే దారి కూడా దొరికినట్టే. గబగబా కమాండ్ టైప్ చేసి, జవాబు చీఫ్ గదిలోని ప్రింటర్‌కు వెళ్లేలా పెట్టాడు.

"ఇంకెన్నిటితో పరీక్షిస్తారండీ?"

గుమ్మంలో లెక్కల కన్సల్టెంటు. ఆ నంబర్ తెచ్చిచ్చింది ఆమే. ముత్యాల హారం, మత్తెక్కించే సెంటు, చేతిలో లిప్‌స్టిక్. దాని కొసన సన్నటి తుపాకీ గొట్టం.

"అన్నిట్లోనూ పాసయ్యేలా తయారు చేశాం. రెండేళ్లు పట్టింది. చేతులు పైకి!"

చేతులెత్తే ముందు గుండుసూది ఎంటర్ కీ నొక్కాడు. పన్నెండుకు రెండు నిమిషాలుంది. ఒక నిమిషం గడిచింది. తలుపు కదల్లేదు. చీఫ్ ఆ కాగితం చూశాడో లేదో! చెల్లెలి ముఖం కళ్లముందు మెదిలింది.

తలుపు ధడాలున తెరుచుకుంది. గార్డులు ఆమె చెయ్యి ఒడిసిపట్టారు. వెనకే వచ్చిన చీఫ్, గది మూలనున్న, లిస్టు పంపే మెషీన్ ప్లగ్గు పీకేశాడు. పన్నెండుకు నాలుగు సెకన్లు తక్కువ.

"రెండు ముక్కలొచ్చాయయ్యా! మెషీన్లో గుణిస్తే మన నంబరే!"

గుండుసూది కుర్చీలో కూలబడ్డాడు. చెల్లి బతికింది. కళ్లు తుడుచుకున్నాడు.

చీఫ్ అతని భుజం తట్టాడు.

"సాయంత్రానికి ఇంకో ప్రైమ్ చూడు. ఇంత పొడుగుది వద్దులే. ఏ పదిహేనో, ఇరవై ఒకటో అయితే చాలు."