రుద్రవరం తూము దగ్గర మోగని ఫోన్

నంద్యాల సంజీవనగర్ గేటుకు కాస్త ఇవతల, ఇత్తడి సామాన్ల కొట్టు పైన జయలక్ష్మమ్మ డిటెక్టివ్ ఆఫీసు ఉంది. ఆఫీసంటే పెద్ద హంగామా ఏమీ లేదు. రెండు బల్లలు, ఒక ఫ్యాను, ఒక ప్రభాకర్. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన ఆవిడ ఇంట్లో ఊరికే కూర్చోలేక తెరిచిన ఆఫీసు అది. ప్రభాకర్ ఆవిడకు సహాయకుడు. నలభై దాటిన మనిషి. మేడం తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉండే ఉంటుందని నమ్మేవాడు.

ఆ మంగళవారం ఉదయం మెట్లెక్కి వచ్చిన అమ్మాయి కూర్చోమన్నా కూర్చోలేదు. చున్నీ అంచులో చుట్టి తెచ్చిన ఫోన్‌ను తీసి బల్ల మీద పెట్టింది.

"నా పేరు రెబెకా మేడం. మాది రుద్రవరం. చిన్న పిల్లల బడిలో టీచర్ని. ఈ ఫోను మా నాయన ఉద్యోగానికి ఎసరు పెట్టింది."

ఆమె తండ్రి ఏసయ్య కాలువ మీద లస్కరు. తూము షట్టర్ ఎత్తడం, దించడం ఆయన పని. పద్దెనిమిదేళ్లుగా మాట పడలేదు. నీళ్ల వంతు రోజున, అంటే శుక్రవారం, పొద్దున్నే షట్టర్ ఎత్తుతాడు; ఇంజనీరు ఆఫీసు నుంచి ఫోన్ రాగానే దించుతాడు. గత మూడు శుక్రవారాలూ ఆ ఫోన్ వచ్చింది, కానీ మోగలేదు. గంటో గంటన్నరో అయ్యాక తెర మీద మిస్డ్ కాల్స్ చూసుకొని ఆయన పరుగెత్తి షట్టర్ దించేవాడు. మూడోసారి నీళ్లు గట్టు పొర్లి మహానందమ్మ కల్లంలోకి దూరాయి. ఆరబోసిన మిరపకాయలన్నీ తడిసి ముద్దయ్యాయి.

"రేపు పది గంటలకు ఇంజనీరు సారు తూము దగ్గరికే వచ్చి విచారణ చేస్తాడంట. తాగి పడుకున్నాడని ఊరంతా అంటాండారు మేడం. మా నాయనకు ఆ వాసనే పడదు. ఉద్యోగం పోతే కూలికి పోయి బతుకుతాం. ఈ మాట మీదేసుకోని చర్చికి ఎట్లా పోతాడు?" అంటూ రెబెకా ఏడ్చేసింది.

జయలక్ష్మమ్మ నంబరు అడిగి తన ఫోన్ నుంచి కాల్ చేసింది. బల్ల మీది ఫోన్ గది అదిరిపోయేలా మోగింది. ప్రభాకర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మోగుతాంది గదమ్మా!"

"అదే సార్ మా ఖర్మ. ఈడ మోగుతాది, ఇంట్లో మోగుతాది, జేబులో ఉన్నా మోగుతాది. ఆళ్లగడ్డలో సాయినాథన్న షాపులో రెండుతూర్లు చూపించినాం, ఆడా మోగింది. తూము దగ్గరే మోగదు. సిగ్నల్ ఫుల్లుగా ఉంటాది. చేసినోళ్లకు రింగు కూడా పోతాంది."

జయలక్ష్మమ్మ వచ్చిన కాల్స్, పోయిన కాల్స్ జాబితా తెరిచింది. "మీ నాయన వీటిని చెరిపేస్తాంటాడా?"

"ఫోను ఎత్తడం, చేయడం తప్ప ఆయనకేం తెలీదు మేడం. సంక్రాంతి నుంచి అన్నీ అట్లే ఉండాయి."

"ఇంకెవరి చేతికన్నా పోయిందా ఇది?"

రెబెకా ఆలోచించింది. "పాటలు నేనే ఎక్కించినా. సాయినాథన్న పైన గ్లాసు మార్చినాడు. మొదటిసారి మోగకపోయిన శుక్రవారానికి ముందురోజు, జయప్రకాష్ చిన్నాయన తన ఫోను చార్జింగ్ అయిపోయిందని తీసుకోని ఒక కాల్ చేసుకున్నాడు. మా చర్చాయనే. నాయనతో రోజూ తూము దగ్గర కూర్చుంటాడు."

జయలక్ష్మమ్మ వేలు ఆ గురువారం దగ్గర ఆగింది. ఆ రోజు రెండే కాల్స్ ఉన్నాయి. ఒకటి పాస్టరుగారి నుంచి వచ్చింది, ఒకటి ఇంజనీరు ఆఫీసు నుంచి వచ్చింది. ఆవిడ ఆ జాబితాను ప్రభాకర్‌కు చూపించింది. ప్రభాకర్ చూసి గంభీరంగా తలాడించాడు. ఆయనకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

మధ్యాహ్నానికి ముగ్గురూ ఆళ్లగడ్డలో బస్సు దిగారు. సాయినాథ్ షాపులో అద్దాల కౌంటర్ వెనక కూర్చుని ఉన్నాడు.

"గ్లాసు వేసేటప్పుడు సెట్టింగుల్లోకి పోయినావాప్పా?"

"గ్లాసు వేసేదానికి సెట్టింగులతో ఏం పనక్కా? ఫోను ఆఫ్ చేసే వేసినా."

"మోగలేదని తెచ్చినప్పుడు?"

"సౌండు చూసినా, ఫుల్లు ఉండాది. సైలెంట్‌లో లేదు. ఇట్లా పెట్టి కాల్ చేసినా, మోగింది." తెర పైకి కనిపించేలా ఫోన్‌ను కౌంటర్ మీద పెట్టి చూపించాడు. "మోగేదానికి నేనేం రిపేరు చేసేది?"

అక్కణ్ణుంచి ఆటోలో రుద్రవరం దాటి తూము చేరారు. ఏసయ్య బక్కపలచని మనిషి. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు. జయలక్ష్మమ్మను చూసి రెండు చేతులూ జోడించాడు.

"షట్టర్ ఎత్తినాక ఏం చేస్తాంటావన్నా?"

"ఫోను వచ్చేదాకా పనేముంటాది మేడం? ఈ రాతి మీద కూర్చోని బైబిల్ చదువుకుంటా. నిద్ర మాత్రం పోలే, దేవుని తోడు. ఫోను నా కండ్ల ముందరే, పుస్తకం మీదనే ఉండాది. మోగలే."

బైబిల్ ఆ రాతి మీదే ఉంది. ఆయన తెరిచి చూపించబోతే కాలువ గాలికి పేజీలు రెపరెపలాడాయి. కీర్తనల పేజీ అంచుల చుట్టూ మట్టిదుమ్ము అంటుకొని ఉంది. నడిమధ్య మాత్రం అరచేతంత మేర తెల్లగా ఉంది. పాపం ప్రభాకర్ జేబురుమాలు తీసి దుమ్ము తుడవబోయాడు. జయలక్ష్మమ్మ గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"అట్లే ఉండనీ ప్రభాకర్."

తూము కింద చేలన్నీ శనగ, జొన్న, మిరప. మధ్యలో ఒక్క మడి మాత్రం వరి వేసి, మోకాలి లోతు నీళ్లతో నిగనిగలాడుతోంది. "ఎంత పచ్చగా ఉందో చూడండి మేడం!" అన్నాడు ప్రభాకర్.

"చూస్తున్నా. ఏసయ్యన్నా, ఇప్పుడు వరికి నీళ్లిస్తారా?"

"లేదు మేడం, తక్కువ నీళ్లు పట్టే ఆరుతడి పంటలకే. అది జయప్రకాష్‌ది. బోరు నీళ్లతో పెట్టినా అన్నాడు."

జయలక్ష్మమ్మ గట్టు మీద నడిచి బోరు దాకా వెళ్లింది. స్టార్టర్ పెట్టెలో పిచ్చుక గూడు కట్టి, గుడ్లు కూడా పెట్టి ఉంది. ఆవిడ వెనక్కి వచ్చి, ఫోన్ తీసుకొని ఐదు నిమిషాలు ఒంటరిగా కూర్చుంది. తర్వాత రెబెకా భుజం తట్టి, "రేపు మీ నాయన్ని గడ్డం గీసుకోని, తెల్లచొక్కా వేసుకోని రమ్మను" అంది. ఆ మాట విన్నాక ప్రభాకర్‌కు ఇక బెంగ లేదు. కారణం మాత్రం ఇంకా తెలియదు.

మరుసటి రోజు పదింటికి తూము దగ్గర జనం గుమిగూడారు. ఇంజనీరు కుర్చీలో కూర్చున్నాడు. సాయినాథ్‌ను జయలక్ష్మమ్మే పిలిపించింది. మహానందమ్మ కొంగు నడుముకు చుట్టి నిలబడింది.

"ఆర్నెల్ల కష్టం నీళ్లపాలు చేసినాడు సారూ, ఈ తాగుబోతు!"

జయప్రకాష్ జాలిగా నిట్టూర్చాడు. "పోనీలే అక్కా. పెద్దోడైపోయినాడు, కండ్లు మూతలు పడతాండాయి. సారూ, మన్నించి ఇంట్లో కూర్చోబెట్టండి."

ఏసయ్య తల వంచుకున్నాడు. జయలక్ష్మమ్మ ముందుకు వచ్చింది.

"ఏసయ్యన్నా, షట్టర్ ఎత్తినాక ఎప్పుడూ ఏం చేస్తావో అదే చేసి చూపించు."

ఆయన రాతి మీద కూర్చొని బైబిల్ తెరిచాడు. గాలికి పేజీ లేచింది. ఆయన అలవాటుగా ఫోన్ తీసి, పేజీ ఎగరకుండా దాని మీద బోర్లా పెట్టాడు. దుమ్ము మధ్యలో ఉన్న తెల్లటి చోట ఫోన్ అతికినట్టు సరిపోయింది. ప్రభాకర్ నోరు తెరిచాడు.

"ఇంజనీరుగారూ, ఇప్పుడు కాల్ చేయండి," అంది జయలక్ష్మమ్మ.

ఫోన్ కాలువ అవతలికి వినపడేంత గట్టిగా మోగింది.

"ఇదెట్లా మోగుతాంది? బోర్లా ఉండాది గదా!" అన్నాడు జయప్రకాష్.

అని నాలుక కరుచుకున్నాడు. జయలక్ష్మమ్మ నెమ్మదిగా అతని వైపు తిరిగింది.

"బోర్లా ఉంటే మోగకూడదని నీకెవరు చెప్పినారప్పా?"

జయప్రకాష్ జనం వెనక్కి జరగబోయాడు.

"నేను చెప్తాను వినండి," అంది ఆవిడ అందరితో. "ఈ ఫోన్‌లో ఒక ఏర్పాటు ఉంది. అది ఆన్ చేసి ఫోన్‌ను బోర్లా పెడితే ఏ కాల్ వచ్చినా శబ్దం రాదు. జేబులో ఉంటే మోగుతుంది, షాపు కౌంటర్ మీద తెర పైకుంటే మోగుతుంది. అందుకే సాయినాథ్‌కు లోపం కనపడలేదు. నిన్న నేనే దాన్ని ఆఫ్ చేశాను. ఇదిగో, మళ్లీ ఆన్ చేసి బోర్లా పెడుతున్నా. ఇంకోసారి చేయండి సార్."

ఇంజనీరు చేశాడు. ఆయన చెవిలో రింగు వినిపిస్తోంది, బైబిల్ మీది ఫోన్ మాత్రం కిక్కురుమనలేదు.

"ఏసయ్యన్న పుస్తకం మీద ఫోన్ బోర్లా పెడతాడని రోజూ పక్కన కూర్చునేవాడికి తెలుసు. కాల్ చేసుకుంటానని ఫోన్ తీసుకున్నావు జయప్రకాష్. ఆ గురువారం ఈ ఫోన్ నుంచి ఒక్క కాల్ కూడా పోలేదు. మరి చేతిలో పెట్టుకోని ఏం చేసినావు? షట్టర్ దించడం ఆలస్యమైతే నష్టం ఎవరికని అందరూ చూశారు. ఆ నీళ్లు ఎవరు తాగినారని నేను చూశాను. బోరు స్టార్టర్‌లో పిచ్చుకలు కాపురం పెట్టాయి, వరి మాత్రం నీళ్లలో ఈదుతోంది."

జయప్రకాష్ తన ఫోన్ తీసి చూపించాడు. "చర్చిలో మోగకుండా నా ఫోన్లో అట్లే పెట్టుకుంటా. చేను ఎండిపోతాంటే బుద్ధి గడ్డి తినింది. ఏసన్నకు ఇట్లయితాదనుకోలే."

"అనుకోలేదా? ఆయన్ని తాగుబోతని తిడతాంటే పక్కన నిలబడి విన్నావు గదా!" ఆవిడ గొంతులో కోపం ప్రభాకర్ మొదటిసారి విన్నాడు.

మహానందమ్మ జయప్రకాష్ మీదికి ఒక్క అడుగు వేసింది. "నా మిరపకాయలకు నువ్వు జవాబు చెప్పు, పద!" మళ్లీ ఏసయ్య వైపు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అన్నా, నా పాపిష్టి నోటితో ఎంత మాటన్నాను."

ఇంజనీరు లేచాడు. "నీ సంగతి ఆఫీసులో చూస్తా జయప్రకాష్. ఏసయ్యా, నీ తప్పేమీ లేదని రాసిస్తున్నా. ఎప్పటిలాగే పనిలోకి రా."

ఏసయ్య కాగితం వైపు చూశాడు. "సార్, తాగలేదని కూడా రాయండి."

ఇంజనీరు ఆ మాటా రాసి, సంతకం పెట్టి, కాగితం రెబెకా చేతికిచ్చాడు. ఆమె బడిలో పిల్లలకు చదివినట్టు పైకి చదివింది. "ఏసయ్య ఏ రోజునా మద్యం తాగి పని చేయలేదు. విధుల్లో అతని తప్పు లేదు." ప్రభాకర్ కళ్లు తడిశాయి. తుడుచుకోవడానికి ఏమాత్రం సిగ్గుపడలేదు. తన మేడం అంత గొప్ప మనిషి ఈ జిల్లాలో ఇంకొకరు లేరని ఆయనకు ఆ క్షణాన ఖాయమైంది.

"ఇంకోతూరి చదువు పాపా, గట్టిగా," అంది మహానందమ్మ. "ఆ గట్టు మీదోళ్లకు కూడా వినపడాల."

రెబెకా కళ్లు తుడుచుకొని, తెల్లచొక్కాలో నిటారుగా నిలబడ్డ తండ్రి పక్కకు వెళ్లి, ఊరంతా వినేలా మళ్లీ మొదటి నుంచి చదివింది.