మూడు నిమిషాలకు వంద

రాత్రి తొమ్మిదీ పదికి వాచీ మెకానిక్ తన కొట్టు షట్టరు దించి, తాళం వేసి, అలవాటుగా రెండుసార్లు లాగి చూశాడు. తాళం పడింది. రోజూ అయితే అక్కణ్ణించి ఎడమకు తిరిగి ఇంటిదారి పట్టేవాడు. ఆ రోజు తిరగలేదు. పక్కనే, కిందికి దిగే పదకొండు మెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ మెట్ల కింద ఉన్నది పాత రికార్డుల కొట్టు. మూతపడి ఎనిమిది నెలలైంది. నలభై రోజులుగా దానికి మంచి పేరు లేదు. తొమ్మిది దాటితే లోపలినుంచి చప్పుడు వస్తుందని వీధిలో అందరికీ తెలుసు. టక్... మళ్ళీ టక్... ఎవరో గోటితో చెక్క మీద కొడుతున్నట్టు.

మందుల షాపాయన తన బండిని ఆ మెట్ల దగ్గర పెట్టడం మానేశాడు. పార్సిళ్ళు తెచ్చే మనిషి చీకటి పడితే అటువైపు రానని ఖరాఖండిగా చెప్పేశాడు. ఇక ఎదురు సెలూన్ బాబాయి సంగతి చెప్పక్కర్లేదు. గడ్డం గీస్తూనే కథ నడిపిస్తాడు.

"ఆయన పోయాడు గానీ కొట్టు వదల్లేదయ్యా. మీ బావ బతికుండగా వారానికి నాలుగు మాటలు మాట్లాడేవాడా? పోయాక కూడా అంతే. మాట లేదు... టక్కు టక్కు."

"ముందు ఆ కత్తి నా గొంతు మీంచి తీసి చెప్పు బాబాయ్," అన్నాడు మెకానిక్.

అతను దెయ్యాన్ని నమ్మలేదు. మనిషిని అనుమానించాడు. కారణం లెక్క. చెవితో వాచీ జబ్బు పట్టేవాడు చప్పుడు దొరికితే లెక్కపెట్టకుండా ఉండలేడు. ఒక రాత్రి ఆ మెట్ల పైన నిలబడి చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. మూడు నిమిషాల్లో వంద. మర్నాడూ వందే. తొంభై తొమ్మిది కాదు, నూటొకటి కాదు.

ఏ దెయ్యం ఇంత కచ్చితంగా ఉంటుంది?

అక్కను అడిగాడు. కొట్టు యజమాని భార్య ఆమే. "నిమిషానికి ముప్పై మూడూ, ఇంకా కాస్త. పెద్ద ప్లేట్లు తిరిగే వేగం అది," అంది ఆమె ఆలోచించకుండా.

అంటే లోపల రికార్డు ప్లేయరు తిరుగుతోంది. దానంతటది తిరగదు కదా. తిప్పేవాడెవడు?

అతని అనుమానమంతా సూట్‌కేసు మీద. పాత రికార్డులు గుత్తగా కొనే వ్యాపారికి వీధిలో పెట్టిన పేరది. సోమవారం వచ్చి సరుకు మొత్తం పట్టుకుపోవాల్సినవాడు. సరుకు చూసుకోవాలని ఒకసారి ఒక పూటకు తాళంచెవి తీసుకున్నాడు... అది జరిగి నలభై రోజులు. తాళంచెవికి నకలు చేయించడానికి పూట అక్కర్లేదు, పది నిమిషాలు చాలు. రాత్రిళ్ళు వచ్చి మంచివన్నీ వేసి వింటూ, ఏరి తీసుకుపోతున్నాడేమో!

పోతే పోనీ అనుకునేవాడే. కానీ ఆ మధ్యాహ్నం అక్క వచ్చి అతని ఎదుట స్టూలు మీద కూర్చుంది.

"ఒరేయ్, సోమవారం లోపల నాకొక ప్లేటు వెతికిపెట్టు."

"వేలున్నాయి కదక్కా. పేరేంటి?"

"పేరు లేదు. మీ బావ కోసింది. ఖాళీ ప్లేటు మీద మిషనుతో గాడి కోసి గొంతు ఎక్కించేవాడు చూడు... నాకోసం ఒకటి కోశానన్నాడు. లేబుల్ అతికించి ఇస్తానన్నాడు. ఆ వారమే పోయాడు."

ఆమె కాసేపు చేతి రుమాలు మడతలు పెట్టుకుంది.

"మొహం గుర్తుందిరా. చేతులు గుర్తున్నాయి. గొంతే... జారిపోతోంది. నిన్న రాత్రి 'తలుపు తియ్' అని ఎలా పిలిచేవాడో గుర్తు తెచ్చుకుందామని కూర్చున్నాను. ఆ మాట నా గొంతుతోనే వినబడింది."

ఫోన్లో కూడా 'ఊఁ' తప్ప మాట్లాడని మనిషి ఆయన. ఎక్కడా ఏ రికార్డింగూ లేదు. ఉన్నది ఆ ఒక్క ప్లేటే. అదీ మామూలు ప్లేటు కాదు, రేకు మీద మెత్తటి పూత. పదిసార్లు వింటే పదకొండోసారి గరగర తప్ప ఏమీ మిగలదని ఆయనే చెప్పేవాడట.

ఆ మాట గుర్తుకొచ్చే మెకానిక్ ఆ రాత్రి ఇంటికి పోలేదు. సూట్‌కేసు చేతికి ఆ ప్లేటు చిక్కి ఉంటే? రోజూ దాన్నే పెట్టి అరగదీస్తుంటే?

మెట్లు దిగాడు. మెట్ల దీపం అప్పటికే వెలుగుతోంది.

టక్...

తలుపుకు చెవి ఆనించాడు. అవతల మాటా లేదు, ఊపిరీ లేదు. టక్... చప్పుడు మాత్రం తన లెక్క తప్పలేదు.

అక్క ఇచ్చిన తాళంచెవి పెట్టి తిప్పాడు. నలభై రోజులుగా తియ్యని తాళం కాస్తయినా బిగుసుకోవాలి. ఇది వెన్నలా తిరిగింది. అతని అనుమానం ఇంకాస్త గట్టిపడింది.

"ఎవరది?" అన్నాడు.

టార్చి వేశాడు. రెండు వైపులా అరల్లో రికార్డులు నిలువుగా, పుస్తకాల్లా. పాత అట్టల వాసన. అడుగు ముందుకు వేసి... ఆగిపోయాడు.

నేల మీద జుట్టు.

ఆడమనిషి ఊడదీసి పడేసినట్టు, నల్లగా, నిగనిగలాడుతూ ఇంత ముద్ద. తలుపు గాలికి కాస్త కదిలింది.

వెనక్కి పోదామనుకున్నాడు. అయినా అతనిలోని అనుమానపు మనిషి భయపడే మనిషి కన్నా మొండివాడు. టార్చి నేల మీదే తిప్పాడు. దుమ్ము. దుమ్ములో కొత్తగా పడ్డవి ఒక్క జత అడుగులే... తనవి. వెనక తలుపు దగ్గరికి వెళ్ళి చూశాడు. లోపలి గడియ వేసే ఉంది. గడియ మీద సాలెగూడు చెక్కుచెదరలేదు.

ఈ మధ్య ఎవరూ రాలేదు. మరి...

టక్.

గది చివర, బల్ల మీద, చిన్న ఎర్ర దీపం. ప్లేయరు తిరుగుతోంది. నల్లటి ప్లేటు. మధ్యలో కాగితం లేదు. దాని అంచున ముల్లు కూర్చుని, చుట్టుకొకసారి ఎగిరిపడుతోంది.

ప్లేయరు తీగ పట్టుకుని టార్చితో వెంబడే వెళ్ళాడు. బల్ల వెనక, గోడ వెంట, తలుపు పైనున్న కన్నంలోంచి బయటికి. మెట్ల దీపం స్విచ్చి బోర్డులోకి.

అప్పుడు నవ్వొచ్చింది. ఆ భవనం యజమాని మెట్ల దీపం దానంతటదే వెలగాలని గడియారం స్విచ్చి పెట్టించాడు. తొమ్మిదికి వెలిగి ఐదుకి ఆరిపోయేలా. నలభై రోజులైంది. దాన్ని బిగించి టైము పెట్టింది ఎవరో కాదు... తనే. బావ ఆ రోజు ప్లేయరు స్విచ్చి ఆపకుండా వెళ్ళిపోయి ఉంటాడు. దీపం వెలిగినప్పుడల్లా ఇదీ తిరుగుతోంది. సూట్‌కేసు పాపం నిర్దోషి.

ముల్లు ఎత్తి పక్కన పెట్టాడు. చప్పుడు ఆగింది. ప్లేటు తీసి, పనికిరానివాటి అట్టపెట్టె మీద పడేసి, అక్కకు ఫోను చేశాడు.

"దెయ్యం దొరికిందక్కా. పాడైపోయిన ప్లేటొకటి. అంచున పెట్టిన ముల్లు ముందుకి పోకుండా మొదట్లోనే కొట్టుకుంటోంది. గీత పడి ఉంటుంది. నీ ప్లేటు కోసం రేపు వెతుకుతాలే."

అక్క నెమ్మదిగా అడిగింది.

"దాని మీద పేరుందా?"

"లేదు."

"ముల్లు ఎక్కడుందన్నావ్?"

"అంచున."

"అంచున... సరే. నేల మీద నల్లగా జుట్టులాంటిది ఉందా?"

మెకానిక్ టార్చి మళ్ళీ నేల మీదికి తిప్పాడు. "ఉంది... నీకెలా తెలుసు?"

"దాన్ని ముట్టుకోకు. అగ్గిపుల్ల అసలు గీయకు. వస్తున్నా."

పావుగంటకు చీర మీద స్వెట్టరు తొడుక్కుని దిగింది. ముందు ఆ జుట్టు ముద్దను చేటలోకి ఎత్తి, తలుపు బయట పెట్టింది.

"ఎన్నేళ్ళు ఊడ్చానురా దీన్ని! ప్లేటు కోస్తే రాలే తీగ. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. అది మిషనుకు చుట్టుకోకుండా ఆయన ప్లేటును లోపల మొదలుపెట్టి బయటికి కోసేవాడు. తీగ మధ్యలోకి పోగవుతుందని. కొట్లో కొన్న ప్లేట్లన్నీ బయటినుంచి లోపలికి. ఆయన కోసినవి మాత్రం లోపల్నించి బయటికి."

"అంటే అంచు..."

"అంచు మొదలు కాదు. చివర. మాటైపోయాక ముల్లు జారి కింద పడకుండా ఒక మూత గాడి కోస్తాడు. గుండ్రంగా, దారిలేనిది. నువ్వు విన్న టక్కు అదే."

మెకానిక్ అట్టపెట్టె మీద తాను పడేసిన ప్లేటు వైపు చూశాడు. ఇందాకటి నవ్వు ఎక్కడికి పోయిందో తెలియలేదు. రేపు పొద్దున చెత్తబండి వచ్చేది.

"పప్పులో కాలేశాను," అంటూ గడియారం స్విచ్చి సంగతి కూడా చెప్పాడు.

"వేశావు. ఇంతకీ దెయ్యానికి కీ ఇచ్చి వదిలింది కూడా నువ్వేనన్నమాట. రోజూ ఐదింటికి ఆపడం కూడా నువ్వే. భలే ఉద్యోగం ఇచ్చావురా దానికి."

అతని మనసు అప్పటికే లెక్కలో పడింది. రాత్రికి ఎనిమిది గంటలు, పదహారు వేల చుట్లు. నలభై రాత్రులు. ఆరు లక్షల నలభై వేల చుట్లు తిరిగిన ముల్లు మొద్దుబారక ఏమవుతుంది? దాంతో పెడితే గొంతును దున్నేస్తుంది.

"అక్కా, నకలు తీసేవాళ్ళకి ఇద్దాం. మనం పెట్టొద్దు."

"ఇందులో గొంతు ఉంటే వాళ్ళకి ఇస్తాను. ఉందో లేదో తెలియాలిగా. ఒక్కసారి."

"పాడైతే?"

ఆమె బల్ల సొరుగు లాగి, కొత్త ముల్లున్న చిన్న డబ్బీ తీసి అతని అరచేతిలో పెట్టింది. మార్చాడు. ప్లేటును అంచులు పట్టుకుని పెట్టాడు. ముల్లును లోపలి గాడి మీదికి తెచ్చి... వదిలాడు.

గరగర. ఇంకా గరగర.

తరవాత ఎవరో గొంతు సవరించుకున్నారు.

"...ఊఁ. నేనే."

అక్క బల్ల అంచు పట్టుకుంది.

"నీకు ప్లేయరు పెట్టడం రాదు. నేర్పుదామని కోస్తున్నాను. ముందు చెయ్యి కడుక్కో. ప్లేటు మొహం మీద వేలు పెట్టకు, అంచులు పట్టుకో. ముల్లును పడెయ్యకు, దించు. గెంతుతోందని దాని నెత్తిన నాణెం పెట్టేవాళ్ళుంటారు, నువ్వు పెట్టకు. బరువు పెరిగితే గాడి చస్తుంది. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చకు, వంకర పోతాయి. నిలబెట్టు."

గొంతు ఆగింది. ముల్లు ముందుకు, అంచు వైపు సాగుతూనే ఉంది.

"...అయినా ఇది వింటున్నావంటే నీకు పెట్టడం వచ్చేసినట్టే. ఇంకెందుకు చెప్పడం. సరే. ఇంకొక్కటి. అయిపోయాక ముల్లు ఎత్తెయ్. ఊరికే తిరగనివ్వకు. అరిగిపోతుంది. ...ఇప్పుడు ఎత్తు."

మెకానిక్ కదలలేకపోయాడు. అక్కే చెయ్యి చాచి, వేలి కొసతో, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని చేసింది. అంచు ఇంకా వెంట్రుకవాసి ఉందనగా ముల్లు గాల్లోకి లేచింది.

టక్ వినబడలేదు.

"పెళ్ళైనప్పట్నించి ఇన్ని మాటలు ఒకేసారి ఎప్పుడూ మాట్లాడలేదురా," అంది అక్క. కళ్ళు తుడుచుకోలేదు. ప్లేటును మెత్తటి అట్టలో పెట్టి, గుండెకు ఆనించుకుని మెట్లెక్కింది. మెకానిక్ ప్లేయరు తీగ పీకేశాడు.

ఆ రాత్రి తరవాత చప్పుడు లేదు. సోమవారం సూట్‌కేసు వచ్చి సరుకు ఎత్తుకుపోయాడు. మెకానిక్ అతనికి ఎన్నడూ లేనిది కుర్చీ వేశాడు. మందుల షాపాయన బండి మళ్ళీ పాత చోటికి వచ్చింది. సెలూన్ బాబాయి మాత్రం కథ చప్పగా ముగిసిందని తెగ బాధపడ్డాడు.

గురువారం నకలు తీసే నిపుణుడు ఫోను చేశాడు. నకలు బాగా వచ్చిందన్నాడు. మాట మాటా తేటగా ఉందన్నాడు. ప్లేటును ఇంత జాగ్రత్తగా దాచినందుకు మెచ్చుకున్నాడు.

"జాగ్రత్తా? నలభై రాత్రులు చివరి గాడిలో ముల్లు తిరిగిందండీ. నా చేత్తో నేనే ఎత్తాను," అన్నాడు మెకానిక్.

అవతల కాగితం తిప్పిన చప్పుడు.

"సూక్ష్మదర్శిని కింద మొత్తం చూశానండీ. ఈ పూత మీద వంద చుట్లకే తెల్లచార పడిపోతుంది. మాటలున్న గాడిలో ముల్లు ఒక్కసారి నడిచింది, అది మీరు విన్నప్పటిది. చివరి మూత గాడిలో కోసినప్పటి మెరుపు అలాగే ఉంది. దాంట్లోకి ఇంతవరకూ ఏ ముల్లూ దిగలేదు."