మూడో కిటికీలో వేలిముద్ర

ఆ ఆసుపత్రిలో ఉచితంగా మందులు కావాలంటే, కార్డులో ఉన్న మనిషి తానేనని రుజువు చూపాలి. ఆ రుజువు చూసే గుమాస్తా మూడో కిటికీలో కూర్చుంటాడు. ఉద్యోగం చిన్నదే, బిగువు మాత్రం పెద్దది. మిషను మీద బొటనవేలు పెడితే పచ్చ దీపం వెలగాలి. మూడుసార్లూ ఎర్రదే వెలిగితే, "ఈ మనిషి నాకు తెలుసు" అని గుమాస్తా తన వేలిముద్ర వేసి పూచీ పడొచ్చు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు. ఎందుకొచ్చిన గొడవ అనుకునేవాడు.

పోయిన వారం గిన్నెలు తోమే ముసలమ్మ ఆయాసం మందు కోసం వచ్చింది. తోమీ తోమీ ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. అందులో పదేళ్లు తోమింది ఈయన ఇంట్లోనే.

"నేను నీకు తెలుసు కదా బాబూ," అంది గొంతు తగ్గించి.

వెనక వరుసంతా చూస్తోంది. "మిషనుకు తెలియాలమ్మా. వేరే దారి లేదు," అన్నాడు.

బయట బెంచీ మీదే ఆమె ప్రాణం పోయింది. ఆ రోజు నుంచి ఆయనకు ముద్ద దిగడం లేదు. సిగ్గుతో ఇంట్లో భార్యకు కూడా చెప్పుకోలేకపోయాడు.

ఇవాళ భోజనాల వేళ హాలు ఖాళీ అయింది. మబ్బు పట్టి పట్టపగలే చీకటి కమ్మింది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. ఎక్కడో పీచుతో గిన్నె రుద్దుతున్న చప్పుడు... ఆగి ఆగి... దగ్గరగా. తడి సబ్బు వాసన.

కిటికీ సందులోంచి ఒక చెయ్యి లోపలికొచ్చింది. నీళ్లలో నాని ముడతలు పడిన తెల్లటి వేళ్లు.

"ఇంకోసారి చూడు బాబూ..."

తలెత్తడానికి ఆయనకు మొహం చెల్లలేదు. "తప్పయింది పెద్దమ్మా... నువ్వు నాకు తెలుసు..." అంటూ పూచీగా తన బొటనవేలు మిషను మీద పెట్టాడు. ఆ చెయ్యి ఆయన వేలి మీద ఆనింది. మెల్లగా నొక్కింది. కరెంటు లేని మిషనులో పచ్చ దీపం వెలిగింది.

తలెత్తేసరికి ఎవరూ లేరు.

సాయంత్రం గేటు దగ్గర హాజరు మిషను మీద వేలు పెట్టాడు. ఎర్ర దీపం. తుడుచుకుని పెట్టాడు. ఎర్రదే. మూడోసారీ అంతే.

"నేను నీకు తెలుసు కదయ్యా!" అన్నాడు వాచ్‌మన్‌తో.

"తెలుసు సార్," అతను ఇబ్బందిగా నవ్వాడు. "మిషనుకు తెలియాలి కదా."

వేలు చూసుకున్నాడు. అరిగిన సబ్బుబిళ్లలా నున్నగా ఉంది. ఒక్క గీత లేదు.

వెనక, తాళం వేసిన హాల్లో, మూడో కిటికీ మిషను కుయ్యిమంది. అద్దాల తలుపు మీద పచ్చ వెలుగు పడింది. లోపల ఎవరి వేలో సరిపోయింది... మిషను తెర మీద ఆయన ఫోటో వచ్చింది.