లైన్లో మనిషి

ధడ్!

చెవి పక్కనే బెరడు పెళ్ళ లేచి చెంపకు కొడుతుంది.

బక్కోడు బోర్లా పడతాడు. పడ్డాక గానీ తెలియదు, తగల్లేదని.

తలెత్తి చూస్తాడు. జానెడు దూరంలో చెట్టుకి దిగబడి ఉంది గొడ్డలి. పట్టుకునే కామ ఇంకా వణుకుతోంది.

టామహాక్ అంటారు దాన్ని, ఈ అడవి క్యాంపుకొచ్చే కస్టమర్లు. పనివాళ్ళకి మాత్రం అది ‘పొట్టిది’. మోచేతి నుంచి వేలి కొస దాకా ఉంటుంది, అంతే. పగలంతా పుల్లలు చీలుస్తుంది, కొమ్మలు నరుకుతుంది, తిరగేస్తే టెంటు మేకులు దిగ్గొడుతుంది. సాయంత్రమైతే కస్టమర్లు దాన్ని చెక్క బోర్డు మీదికి విసిరి, ఫొటోలు దిగుతారు.

ఈ సాయంత్రం అలాంటిదొకటి ఫారెస్ట్ గార్డు వీపులో దిగింది.

విసిరింది బావ.

“తగిలిందా, బక్కోడా?”

చీకట్లోంచి బావ గొంతు. టీ తాగుతావా అన్నంత మామూలుగా.

బక్కోడు నోరు అరచేత్తో మూసుకుంటాడు.

“పలకవేం? తగిలితే తగిలిందని చెప్పు. నాకా ఇంకొకటే మిగిలింది. వేస్ట్ చేయించకు.”

బావ నడుముకి ఎప్పుడూ మూడు ఉంటాయి. ఒకటి గార్డు వీపులో. ఒకటి ఈ చెట్టులో. ఇంకొకటి బావ చేతిలో.

బక్కోడు లేస్తాడు. కామ పట్టుకుని పైకి ఎత్తి, కిందికి అదుముతాడు. అలా అయితేనే ఊడుతుంది. అదీ బావ నేర్పిందే.

కిర్రు...

“ఓహో, పీకావా. అయితే తగల్లేదన్నమాట.”

నవ్వు వినిపిస్తుంది.

“నీ దగ్గరున్నా ఒకటే, చెట్టుకున్నా ఒకటేలే. ఆరేళ్ళలో ఒక్కసారైనా పదును తగిలించావురా? అన్నీ కామ దెబ్బలే. చెక్కకి మసాజ్ చేసినట్టు.”

బక్కోడు పరిగెడతాడు.

వానకి నానిన ఆకులు. కాలు వేస్తే జారుతోంది. సీజన్ అయిపోయి టెంట్లన్నీ విప్పేశారు. కేకేస్తే వినేవాడు లేడు. ఫోను ఆఫీసు గదిలో చార్జింగ్‌లో ఉంది. ఆఫీసు గది బావ వెనకుంది.

ఉన్నదల్లా ముందు గేటు. గేటు దగ్గర జీపు. జీపులో అక్క.

అక్క దగ్గరికి చేరితే చాలు.

అమ్మ పోయినప్పటి నుంచి చంకనేసుకుని పెంచింది. పెళ్ళయ్యాక బావతో కొట్లాడి మరీ తెచ్చి తన దగ్గర పనిలో పెట్టుకుంది. అక్క ముందు బావ తనని ముట్టుకోలేడు.

చేరాలి అంతే.

పరిగెడుతున్నా కళ్ళ ముందు అదే. కట్టెల షెడ్డు వెనక గార్డు టార్చి వేసి, విసురుడు బోర్డుల కోసం కోసిన దుంగల మీద చెయ్యి పెట్టాడు. “ఇది నరకకూడని చెట్టని తెలియదా నీకు? రేపు పొద్దున రిపోర్టు పంపిస్తా” అన్నాడు. అని వెనక్కి తిరిగాడు. ఎక్కడి నుంచో ఓ మాట వినబడింది, వాన చప్పుడులో సరిగ్గా అర్థం కాలేదు. ఆ వెంటనే బావ చెయ్యి లేచింది.

చితుకుల మోపు పట్టుకుని అప్పుడే అటు వచ్చాడు బక్కోడు. మోపు చేతిలోంచి జారింది.

బావ వెనక్కి చూశాడు.

“చూశావా?”

“లేదు బావా.”

“మరి ఏడుస్తున్నావేం?”

అంతే. అప్పటి నుంచి పరుగు.

వెనక టార్చి వెలుగు చెట్ల మధ్య ఊగుతోంది. బావ పరిగెత్తడం లేదు. నడుస్తున్నాడు. ఈ అడవిలో ప్రతి చెట్టూ తెలిసినవాడికి పరుగెందుకు.

వేరు తగిలి మోకాలు చిట్లుతుంది. లేస్తాడు. ఎదురుగా చెట్లు పలచబడుతున్నాయి.

తీరా బయటికొచ్చాక చూసుకుంటే... రేంజ్.

గొడ్డళ్ళు విసిరే చోటు. మూడు పక్కలా నిలువెత్తు కర్రల కంచె. ఒక కొసన గుండ్రటి చెక్క బోర్డులు. రెండో కొసన నేల మీద తెల్లగీత.

కంచె లేని గీత వైపు నుంచి దూరి, వాడు బోర్డుల దాకా పరిగెత్తుకొచ్చేశాడు.

తిరిగేలోపు గీత దగ్గర టార్చి వెలుగుతుంది.

“ఎటు తిరిగి ఎక్కడికొచ్చావో చూడరా.” బావ గొంతులో నిజంగానే ఆశ్చర్యం. “వేరే వాళ్ళయితే నేనే తీసుకెళ్ళి నిలబెట్టాలి. నువ్వే నడిచొచ్చావ్. ఇంటి మనిషి అనిపించుకున్నావ్.”

బక్కోడి వీపుకి బోర్డు తగులుతుంది. వేల దెబ్బలు తిన్న చెక్క. పీచు పీచుగా, తడిగా ఉంది.

“బావా. ఎవరికీ చెప్పను.”

“తెలుసు.”

“అక్క మీద ఒట్టు.”

“అక్కని ఎందుకు లాగుతావ్ మధ్యలో.”

బావ ఎడమ కాలు తెచ్చి గీత మీద పెడతాడు. అక్కడి నుంచి విసిరితే గొడ్డలి గాల్లో సరిగ్గా ఒక్క పల్టీ కొట్టి బోర్డులో దిగుతుంది. ఆ దూరంలో బావ గురి తప్పడం ఎవరూ చూడలేదు. ఎడమ చేతిలో టార్చి. కుడి చెయ్యి మెల్లగా చెవి వెనక్కి వెళుతుంది.

కదిలితే నడుములో. కదలకపోతే రొమ్ములో.

బక్కోడి చిటికెన వేలు సలుపుతుంది. విరిగి వంకరగా అతుక్కున్న వేలు. విరగ్గొట్టింది బావే, గొడ్డలి కామతో.

ఒకప్పుడు ఓ కస్టమర్ తన గొడ్డలి తెచ్చుకోవడానికి గీత దాటాడు. పక్కవాడు అదే క్షణంలో విసిరాడు. భుజం ఎముక రెండు ముక్కలు. అప్పటి నుంచి ఇక్కడ ఒక కేక ఉంది. ‘లైన్లో మనిషి.’ అక్క స్టూలెక్కి అరిచేది. అది వినబడగానే ఎవరైనా సరే, చేతిలోది నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కేసి, ఖాళీ చేతులు చూపించాలి. మళ్ళీ ‘లైన్ ఖాళీ’ అని అక్క చెప్పాకే విసరాలి.

ఆలస్యం చేసిన పనివాడి వేళ్ళు పగిలేవి.

‘ఆలోచించకూడదురా’ అనేవాడు బావ, కొడుతూ. ‘చెవిన పడగానే చెయ్యి దిగాలి. బుర్రకి తెలిసేలోపు దిగాలి.’

అందరికంటే ముందు దిగేది బావ చెయ్యే.

కుడి చెయ్యి చెవి వెనక ఆగింది. ఇక వచ్చేది ముందుకే.

“లైన్లో మనిషి!”

బక్కోడి గొంతు చీలిపోతుంది.

బావ చెయ్యి దిగుతుంది.

నడుము వంగుతుంది. గొడ్డలి నేల మీద పడుకుంటుంది. ఒక అడుగు వెనక్కి. రెండో అడుగు. అరచేతులు రెండూ తెరుచుకుంటాయి, టార్చి జారి కాళ్ళ దగ్గర పడుతుంది.

అప్పుడు తెలుస్తుంది బావకి, తను ఏం చేశాడో.

“ఓరి నీ...”

బక్కోడు విసురుతాడు.

ధబ్!

కాలు తగిలి టార్చి గడ్డిలోకి దొర్లుతుంది. బావ వెల్లకిలా పడిపోతాడు. ఓ మూలుగు. తర్వాత అదీ లేదు.

బక్కోడు కాళ్ళు ఈడ్చుకుంటూ గీత దాకా వస్తాడు. చీకట్లో ఓ బూటు కనిపిస్తోంది. పైకి చూడడానికి మనసొప్పదు. బావ నేల మీద పెట్టిన గొడ్డలి వెతుక్కుని తీసుకుంటాడు. పడి ఉన్నవాడిని దాటుకుని గేటు వైపు పరిగెడతాడు.

ఏడుస్తున్నాడు. నవ్వుతున్నాడు కూడా. రెండూ ఒకేసారి వస్తున్నాయి.

గేటు దగ్గర జీపు ఉంది. లైట్లు ఆర్పి ఉన్నాయి. సీట్లో ఎవరూ లేరు.

“అక్కా?”

పక్కన కంకర నలిగిన చప్పుడు. బక్కోడు గిర్రున తిరుగుతాడు. గొడ్డలి లేస్తుంది.

“లైన్లో మనిషి.”

అక్క గొంతు.

వాడి చెయ్యి దిగుతుంది. గొడ్డలి కంకర మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, ఖాళీ చేతులు చాపుతాడు. చాపాక నవ్వొస్తుంది.

“నువ్వా అక్కా. హడలిపోయాను.”

అక్క జీపు వెనక నుంచి వస్తుంది. వంగి గొడ్డలి తీసుకుంటుంది. తడి కామని చీరకొంగుతో తుడుస్తుంది.

“బావ ఏడి?”

వాడు చెబుతాడు. ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి మాటలు. గార్డు. దుంగలు. రేంజ్. కేక. అక్క కాళ్ళ మీద పడదామనుకుంటాడు, మొగుణ్ణి చంపేశానని.

అక్క అంతా వింటుంది. ఏడవదు.

“పదును తగిలిందా, కామ తగిలిందా?”

“ఏంటక్కా?”

“నిన్నే. పదునా, కామా?”

“చూళ్ళేదు.”

“చప్పుడెలా వచ్చింది?”

“ధబ్ మని.”

అక్క గుండెల నిండా ఊపిరి పీల్చి వదులుతుంది. పొద్దుటి నుంచి మోస్తున్న బరువేదో దించినట్టు.

“అయితే కామే.”

“అక్కా, ముందు గేటు తాళం తియ్యి. పోదాం పద. గార్డుని చంపేశాడు బావ, నీకు అర్థమవుతోందా?”

“తెలుసు.”

“నీకెలా తెలుసు?”

“గార్డు వెనక్కి తిరిగాడని బావకి ఎవరు చెప్పాలిరా మరి? నేనేగా. లైన్ ఖాళీ అని.”

వానలో వినబడిన ఆ మాట... అది అక్కదే.

“నేను నీ తమ్ముణ్ణి.”

“అందుకే, నీ మోపు పడగానే చూశావా అని అడగమని సైగ చేశా బావకి. చూళ్ళేదు అని మామూలుగా ఒక్క అబద్ధం ఆడితే వదిలేసేవాళ్ళం.” అక్క చెయ్యి చాచి వాడి చెంప మీద బెరడు తునకలు దులుపుతుంది. “చిన్నప్పటి నుంచీ అంతే. నీకు అబద్ధం చెప్పడం రాదు. నేర్పలేకపోయాను.”

వెనక కంకర మీద అడుగు.

ఒక కాలు ఈడుస్తూ, ఇంకో కాలు.

తుపుక్కున ఉమ్మిన చప్పుడు.

“పక్కటెముక విరిగిందే.” బావ గొంతు. ఊపిరి అందడం లేదు. “నా గొడ్డలితోటే, ఇదిగో, మళ్ళీ నా చేతికే వచ్చింది. నా కేకతోటే. పనికొచ్చాడు చూడు, ఇన్నాళ్ళకి.”

“మాటలు తర్వాత” అంటుంది అక్క. “దూరం సరిపోయిందా?”

“ఒక్కడుగు ఆగు... ఆ. సరిపోయింది.”

బక్కోడు తల తిప్పబోతాడు.

“తిరక్కురా చిన్నోడా. తిరిగితే మొహం మీద తగులుతుంది. నేను చూడలేను.”

అక్క పక్కకి జరుగుతుంది. రేంజ్‌లో స్టూలు వేసుకునేది సరిగ్గా అంత పక్కనే.

వాడి చేతులు ఇంకా చాపే ఉన్నాయి. ఖాళీగా. దించమని ఎవరూ చెప్పలేదు.

“లైన్ ఖాళీ.”